సవరణ: ఎగుమతిదారుల ధ్రువపత్రం ఇచ్చేది సీఐఐ కాదు

ఇంజనీరింగ్ వస్తువులు ఎగుమతి చేసేవారికి కావలసిన రిజిస్ట్రేషన్-సభ్యత్వ ధ్రువపత్రం, అంటే ఆర్‌సీఎంసీ, భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) ఇస్తుందని కిందటి పోస్టులో రాశాను. అది తప్పు, రెండు సంస్థలను ఒకటిగా కలిపేశాను. విదేశీ వాణిజ్య విధానంలోని నిబంధనలనూ, ఆ సంస్థలు ప్రకటించుకున్న చరిత్రలనూ చూసి సరిచేస్తున్నాను.

వాల్వులు, పంపులు, యంత్ర విడిభాగాల వంటి వాటికి ఆ పత్రం ఇచ్చేది, కేంద్ర వాణిజ్య శాఖ ప్రోత్సాహంతో 1955లో ఏర్పడిన ఇంజనీరింగ్ ఎగుమతుల ప్రోత్సాహక మండలి. బాలానగర్‌లో నాలుగు లేత్ మిషన్లతో వాల్వులు చేసే పాఠకుడొకరు విదేశీ వాణిజ్య విధానం కింద రాయితీ కోరాలంటే, సీఐఐ సభ్యత్వ రసీదు ఎంత భద్రంగా దాచుకున్నా అది ఈ పత్రానికి బదులు కాదు.

సీఐఐ ప్రభుత్వ సంస్థ కాదు. పరిశ్రమలే నడుపుకునే లాభాపేక్ష లేని సంఘం. పన్నులు, సుంకాలు, విధానాలపై పరిశ్రమల మాటను ప్రభుత్వానికి వినిపించడం దాని ప్రధాన పని. 1895లో కలకత్తాలో ఇంజనీరింగ్, ఇనుము వ్యాపారుల సంఘంగా మొదలై, పేర్లు మారుతూ వచ్చి, 1992లో ఇప్పటి పేరు పెట్టుకునే దాకా దాని పేరులో ‘ఇంజనీరింగ్’ ఉండేది. నా పొరపాటుకు మూలం బహుశా అదే.

పాత పోస్టులో ఆ వాక్యాన్ని మార్చాను.