ఆ కయాక్ బండి మెసేజ్ నమ్మి డబ్బు పెట్టకండి

చెన్నైలో గాలం వేటకి కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) తీసుకెళ్లే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నెల రోజులుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. నాకే ఐదుగురు పంపారు. అందులో ఇద్దరు కొత్తగా కయాక్ కొన్నవాళ్లు, దాన్ని నీళ్లదాకా లాక్కెళ్లే చక్రాల బండి ఆర్డర్ పెట్టబోతూ "ఇది కరెక్టేనా అన్నా" అని అడిగారు. అందులో ఉన్నది ఇదీ: బండి మోయగల బరువు కయాక్ బరువు కంటే ఎక్కువుంటే చాలు. చక్రానికి ఎత్తు ముఖ్యం, వెడల్పుతో పని లేదు, పంక్చర్ కాని గట్టి చక్రమే తీసుకోవాలి. గాలి చక్రాలైతే గట్టిగా గాలి కొట్టాలి. కయాక్ మీద పడ్డ నీళ్లు కిందికి పోయే స్కప్పర్ రంధ్రాల్లో దూర్చే బండి అన్నిటికన్నా మంచిది, దానికి బెల్టు కూడా అక్కర్లేదు. బండిని కయాక్ తోక చివర పెట్టాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే జన్మలో తుప్పు పట్టదు.

ఇందులో ఒకటి సగం నిజం, ఒకటి ప్రాణం మీదికి తెచ్చేది, మిగతావి మన తీరానికి పనికిరానివి. చెన్నై దగ్గరి కోవళం ఇసుకలో, ముట్టుకాడు గట్ల మీద, పులికాట్ ఒడ్డున ఆరేళ్లుగా పన్నెండడుగుల కయాక్ లాగుతున్నాను కాబట్టి ఒక్కోటీ చెప్తాను.

ముందు బరువు సంగతి. "45 కిలోల కయాక్‌కి 60 కిలోలు మోసే బండి చాలు" అని ఉదాహరణ కూడా ఇచ్చారు. ఖాళీ కయాక్‌ని సముద్రానికి ఎవరు తీసుకెళ్తారు? నా లెక్క చెప్తాను. హల్ (ఖాళీ కయాక్ ఒళ్లు) 45, సీటు 3, చేపల జాడ చూపించే ఫిష్ ఫైండర్ బ్యాటరీతో కలిపి 4, ఐసుతో నింపిన బాక్స్ 9, లంగరు 2, గాలాలూ రాడ్లూ ఉన్న డబ్బా 6, తాగే నీళ్లు 4, తెడ్డూ లైఫ్ జాకెట్టూ 2. మొత్తం 75 కిలోలు. ట్రోలింగ్ మోటారు (కయాక్‌ని నడిపే చిన్న కరెంటు మోటారు) పెట్టుకుని దానికి లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడేవాళ్లయితే 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటే పాతిక కిలోలు దాటుతుంది. అదీ బండి కదలకుండా నిలబడి ఉన్నప్పటి బరువు. రోడ్డు అంచు మెట్టు మీంచి చక్రం దబ్బున దిగినప్పుడు, ఒక్కసారిగా పడిన బరువు ఇరుసు మీద నిలకడ బరువుకి కనీసం రెట్టింపు ఒత్తిడి తెస్తుంది. పైగా ఆ క్షణంలో భారమంతా ఒకే చక్రం మీద ఉండొచ్చు. కాబట్టి 75 కిలోల సామానుకి 150 కిలోలు మోసే బండి చూసుకోండి. 60 కిలోల బండి షాపులో బాగానే నిలబడుతుంది, వంగేది మెట్టు దగ్గర.

ఇంకో మాట, ఇది మెసేజ్‌లో లేదు. మన తీరం జాలర్లు కట్టుమరాన్ని ఒడ్డుకి తెచ్చాక తాళ్లు విప్పి, దుంగలు విడదీసి మోసుకెళ్లేవాళ్లు. కట్టుమరం అంటేనే తమిళంలో కట్టిన మాను అని అర్థం. బరువుని ముక్కలు చేయడమన్నమాట. మనమూ ఐస్ బాక్సు, బ్యాటరీ, డబ్బా వేరుగా ఇంకో విడతలో తీసుకెళ్తే పదిహేను ఇరవై కిలోలు తగ్గుతాయి. నడుము నొప్పితో ఫిజియోథెరపీకి తిరిగే కయాక్‌వాళ్లని ముగ్గురిని చూశాను, ముగ్గురూ "ఒకే ట్రిప్పులో అయిపోతుంది కదా" అనుకున్నవాళ్లే.

ఇక చక్రాలు. అసలు గొడవంతా ఇక్కడే. చక్రం ఎత్తు దేనికి పనికొస్తుంది? గుంట దాటడానికి, మెట్టు ఎక్కడానికి, రాళ్ల మీద పోవడానికి. ఇసుకలో కావలసింది వెడల్పు, అంతకన్నా ముఖ్యంగా మెత్తదనం. ఎందుకో చెప్తాను. గాలి చక్రం నేలని నొక్కే ఒత్తిడి సుమారుగా అందులో ఉన్న గాలి ఒత్తిడికి సమానం. 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న సన్న టైరు 75 కిలోల్ని మోయాలంటే నేలకి ఆనే చోటు రెండు చక్రాలకీ కలిపి 36 చదరపు సెంటీమీటర్లు, అంటే రెండు అగ్గిపెట్టెలంత. అంత ఒత్తిడిని పొడి ఇసుక ఆపలేదు, చక్రం దిగిపోతుంది, దిగిన చక్రం తన ముందున్న ఇసుక గోడని తనే ఎక్కుతూ పోవాలి. మీరు లాగుతున్నది కయాక్‌ని కాదు, ఆ గోడని. అదే బరువుని 4 పీఎస్ఐ గాలి ఉన్న బెలూన్ చక్రాలు (వెడల్పాటి మెత్తటి గాలి చక్రాలు) మోస్తే నేలకి ఆనే చోటు 270 చదరపు సెంటీమీటర్ల దాకా వస్తుంది, రెండు అరచేతులంత. ఇసుక మీద అచ్చు పడుతుంది కానీ చక్రం దిగదు. పడవలని పైకి లాగే ట్రాక్టర్ల వెనక టైర్లు ఎంత వెడల్పుంటాయో కోవళంలో చూడండి. మెరీనా బీచ్‌లో సుండల్ (గుగ్గిళ్లు) అమ్మే పిల్లలు డబ్బా చేత్తో పట్టుకుని ఎందుకు తిరుగుతారో కూడా చూడండి. గట్టి చక్రం ఇసుకలో నడవదని వాళ్లకెవరూ లెక్క చెప్పక్కర్లేదు.

మెసేజ్‌తో పాటు వచ్చిన వీడియోలో ఒకతను సన్న చక్రాల బండిని బీచ్ మీద ఒంటి చేత్తో లాక్కెళ్తున్నాడు. అది అబద్ధం కాదు. కానీ నాలుగైదు మీటర్ల పోటు ఉండే విదేశీ తీరాల్లో నీరు వెనక్కి తగ్గితే తడిసి గట్టిపడిన ఇసుక మైదానంలా బయటపడుతుంది, దాని మీద సైకిల్ కూడా తొక్కొచ్చు. చెన్నైలో పెద్ద పోటు రోజున కూడా నీటి ఎత్తులో తేడా మీటరు, అటూ ఇటూ. మనకి దొరికే గట్టి తడి ఇసుక నీటి అంచున సన్నటి పట్టీ మాత్రమే, రోడ్డు నుంచి అక్కడిదాకా అంతా పొడి ఇసుక. ఆ వీడియో చూసి ఇక్కడ బండి కొనడం నిజంగా దండగ.

సగం నిజం అన్నది పంక్చర్ గురించి. బెలూన్ చక్రం మెత్తటి ప్లాస్టిక్, ముల్లు దిగితే అక్కడితో సరి. ముట్టుకాడు వెనక గట్ల మీదా, పులికాట్ దారుల్లోనూ సర్కారు తుమ్మ ఎంతుందో వెళ్లినవాళ్లకి తెలుసు, దాని ముళ్లు చెప్పులోంచి కూడా దిగుతాయి. పండుగప్ప కోసం బ్యాక్‌వాటర్‌కే వెళ్లేవాళ్లకి, మట్టిదారి, సిమెంటు ర్యాంపు మీదుగా దించేవాళ్లకి ఫోమ్ నింపిన గట్టి చక్రమే సరైనది, అక్కడ నేను మెసేజ్‌తో ఒప్పుకుంటాను. కొనేముందు మీరు ఎక్కువసార్లు దించే చోటికి ఖాళీ చేతులతో వెళ్లి, కారు ఆగే దగ్గర్నుంచి నీళ్లదాకా అడుగులు లెక్కపెడుతూ నడవండి. ఎన్ని అడుగులు ఇసుక, ఎన్ని తారు, ఎన్ని ముళ్లు అన్నదాన్నిబట్టి చక్రం తేల్చుకోండి. రెండు రకాల చోట్లకీ వెళ్లేవాళ్లు చక్రాలు మార్చుకునే వీలున్న బండి తీసుకుంటే సరిపోతుంది, అప్పుడు ఇరుసు మందం రెండు చక్రాలకీ సరిపోతుందో లేదో మాత్రం చూసుకోవాలి.

గాలి గట్టిగా కొట్టమన్నదాని గురించి రెండు మాటలు చాలు. బెలూన్ చక్రాలకి మామూలుగా చెప్పేది 2 నుంచి 4 పీఎస్ఐ. పెట్రోలు బంకులో పెడితే పేలిపోవచ్చు. ఇంట్లో తెల్లవారుజామున 27 డిగ్రీల దగ్గర 4 నింపి, మధ్యాహ్నం 60 డిగ్రీలకి చేరిన కారులో వదిలేస్తే, చక్రం ఉబ్బకుండా ఉన్నట్టయితే లోపలి ఒత్తిడి 6 దాకా పోతుంది. చేతి పంపుతో, తక్కువ ఒత్తిడి చూపించే గేజ్‌తో 3 దగ్గర ఆపండి.

ఇప్పుడు నాకు భయం కలిగించిన విషయం. "స్కప్పర్ బండి అన్నిటికన్నా మంచిది, బెల్టు కూడా అక్కర్లేదు."

స్కప్పర్ అంటే డెక్ (కయాక్ పైభాగం) మీద పడ్డ నీళ్లు కిందికి పోవడానికి ఉన్న గొట్టపు రంధ్రం. డెక్ నుంచి అడుగుదాకా హల్ మధ్యగా వెళ్తుంది. దాని గోడ పగిలితే నీళ్లు పోయేది బయటికి కాదు, హల్ లోపలికి. స్కప్పర్ బండికి ఉన్న రెండు కడ్డీలు ఆ గొట్టాల్లో దూరుతాయి. కడ్డీ సన్నగా ఉండి ఊగుతున్నా, పొడవు ఎక్కువై హల్ అడుగు మెత్తల మీద ఆనకపోయినా, 75 కిలోల బరువూ ఆ గొట్టాల అంచుల మీదే పడుతుంది, గుంటలో పడిన ప్రతిసారీ కడ్డీ లోపలి గోడని గునపంలా పెకలిస్తుంది. హోబీ లాంటి కొన్ని కంపెనీలు తమ కయాక్‌లకి సరిపోయేలా చేసి అమ్మే స్కప్పర్ బండ్లున్నాయి, వాటి సంగతి వేరు, ఏ మోడల్‌కి ఏది అని వాళ్లే చెప్తారు. ఏ కయాక్‌కైనా సరిపోతుందని అమ్మే కడ్డీల బండి గురించే నా గొడవ.

రెండేళ్ల కిందట మా బృందంలో ఒకాయనకి షాపువాళ్లు అలాంటి బండే అంటగట్టారు. అయిదారు నెలలు వాడారు. ఒకరోజు కోవళం నుంచి కిలోమీటరు పైన లోపలికి వెళ్లాక, తిరుగు ప్రయాణంలో ఎంత తెడ్డు వేసినా కదలట్లేదన్నారు. అలిసిపోయారనుకున్నాం. తోక నీళ్లలోకి దిగి ఉండడం చూశాక అర్థమైంది. హల్ లోపల నీళ్లు అటూ ఇటూ పారుతుంటే చిన్న అలకి కూడా కయాక్ ఒరిగిపోతోంది. ఇద్దరం చెరో పక్క ఆనుకుని, సామానంతా మా కయాక్‌ల్లోకి మార్చుకుని నెమ్మదిగా తెచ్చాం. ఒడ్డున హాచ్ (హల్‌కి ఉన్న మూత) తీస్తే బకెట్లకొద్దీ నీళ్లు. వెనక స్కప్పర్ లోపలి గోడ మీద వెంట్రుకంత చీలిక, అంతే. ఆ రోజు గాలి లేదు, తోడు ఉన్నారు. ఆ రెండూ లేని రోజు గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తాను.

ఇప్పటికే అలాంటి బండి వాడుతున్నవాళ్లు ఈ వారం ఒక్క పని చేయండి. కయాక్‌ని మెత్తటి దిండ్ల మీద ఎత్తి, హాచ్‌లోంచి నాలుగైదు బకెట్ల నీళ్లు పోసి, తోకవైపూ ముక్కువైపూ వంచుతూ ప్రతి స్కప్పర్ లోపలా తడి కనిపిస్తుందేమో చూడండి. ఒక్క చుక్క కారినా సముద్రంలోకి దించకండి.

హల్ కింద పట్టీలాగానో ఊయలలాగానో ఆని బెల్టుతో బిగించే బండి అన్ని కయాక్‌లకీ నడుస్తుంది, బరువు పరుచుకుంటుంది. బెల్టు విషయంలోనూ జాగ్రత్త. లారీలవాళ్లు వాడే, మీటతో బిగించే రాట్చెట్ బెల్టు వద్దు, బకిల్‌లోంచి చేత్తో లాగి బిగించే బెల్టు చాలు. పాలిథిలిన్ హల్ ఎండకి మెత్తబడుతుంది, రాట్చెట్ బిగించి మధ్యాహ్నం ఎండలో వదిలేస్తే సొట్ట పడుతుంది. నా కయాక్‌కే పడింది, విప్పి ఎండలోనే ఉంచితే చాలావరకు సర్దుకుంది కానీ గుర్తు మిగిలింది. బండి వెనక్కి జారకుండా ఇంకో బెల్టుని ముందుకి లాగి సీటు దగ్గరున్న కొక్కేనికి కట్టండి.

బండి ఎక్కడ పెట్టాలన్నది మా తాతగారి ఎడ్లబండి దగ్గర నేర్చుకున్నదే. నెల్లూరు పక్క మా ఊళ్లో వడ్ల బస్తాలు ఎక్కించేటప్పుడు ముందుబరువు, వెనకబరువు అని చూసేవాళ్లు. ముందుబరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ నలుపుతుంది, వెనకబరువు ఎక్కువైతే నొగలు పైకి లేచి మెడకి ఉరి పడుతుంది. బరువు మధ్యభాగం ఇరుసుకి రవ్వంత ముందుండాలి. కయాక్‌కీ అంతే. ఇరుసుని బరువు మధ్యభాగానికి 30 సెంటీమీటర్లు వెనక పెట్టి, బరువు మధ్యభాగానికి 1.8 మీటర్లు ముందున్న పిడి పట్టుకుంటే 75 కిలోల్లో మీ చేతిమీద పడేది 11 కిలోల లోపే. మెసేజ్ చెప్పినట్టు తోక దగ్గర, మీటరున్నర వెనక పెడితే 34 కిలోలు. పొడి ఇసుకలో 34 కిలోలు వంగి మోస్తూ వంద మీటర్లు నడిచి చూడండి. బరువు మధ్యభాగం తెలుసుకోవడానికి సామానుతో సహా కయాక్‌ని బండి మీద పెట్టి ముందుకీ వెనక్కీ జరుపుతూ ఎక్కడ తూగుతుందో చూసి, హల్ పక్కన మార్కర్‌తో గీత గీసుకోండి. ఒంటరిగా ఎక్కించేవాళ్లకి కాలు స్టాండున్న బండి అయితే హాయి.

చివరిగా తుప్పు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌కీ ఉప్పునీటిలో మచ్చలు పడతాయి, 316 ఎక్కువ ఓర్చుకుంటుంది. ఫ్రేము ఏదైనా ముందు పోయేది చక్రంలోని ఉక్కు బాల్ బేరింగ్. బేరింగ్ బదులు ప్లాస్టిక్ బుష్ (ఇరుసు తిరిగే ప్లాస్టిక్ గొట్టం) ఉన్న చక్రం తీసుకుంటే ఆ టెన్షన్ లేదు. అల్యూమినియం ఫ్రేముకి స్టీలు బోల్టులు ఉంటే ఉప్పునీరు తగిలిన కొద్దీ బోల్టు చుట్టూ అల్యూమినియం తెల్లగా పొడిలా తినేసుకుపోతుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, చక్రాలు ఊడదీసి ఇరుసు తుడవండి. చక్రాన్ని ఆపే చిన్న పిన్ను ఇసుకలో పడితే దొరకదు, రెండు ఎక్కువ పెట్టుకోండి.

మెసేజ్ మీ గ్రూపులో ఉంటే, కనీసం ఆ స్కప్పర్ ముక్క కింద ఇది పెట్టండి. ఇంకా తేల్చుకోలేనివాళ్లు ఆదివారం తెల్లవారుజామున కోవళం రండి, నా దగ్గర ఫోమ్ చక్రాలు ఒక జత, బెలూన్ చక్రాలు ఒక జత ఉన్నాయి. మీ కయాక్‌ని మీ సామానుతోనే ఎక్కించి, రెండిటి మీదా ఇసుకలో లాగి చూసుకుని అప్పుడు కొనుక్కోండి.