స్క్రూడ్రైవర్‌కూ లైసెన్సు ఉండాలి

తుపాకీకి లైసెన్సు కావాలి. దీపావళికి టపాకాయలు అమ్మాలన్నా కావాలి. స్క్రూడ్రైవర్‌ని మాత్రం ఎవరైనా జేబులో వేసుకుని తిరుపతి వీధుల్లో యథేచ్ఛగా తిరగొచ్చు. ఈ లోపాన్ని ప్రభుత్వం వెంటనే సవరించాలని ఒక బాధితుడిగా కోరుతున్నాను.

నా దగ్గర ప్రీమియర్ పద్మిని ఉంది. 1089 సీసీ, చేతి గేరు. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, తర్వాత చిత్తోడ్ రాణి పేరు పెట్టుకున్న వంశం. చిత్తోడ్ రాణి చిత్తూరు జిల్లాకు వచ్చి చిక్కిపోయింది. (2022లో మాది తిరుపతి జిల్లా అయింది. జిల్లా మారినా జబ్బు మారలేదు.) లీలామహల్ సర్కిల్‌లో సిగ్నల్ పడగానే ఇంజిన్ ఆగిపోయేది. వెనకున్న ఆటోవాళ్ళు మా పూర్వీకులను పేరుపేరునా తలుచుకునేవాళ్ళు. కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) మార్చాల్సిందే అన్నారు.

ఈ బండికి వచ్చే సోలెక్స్ కార్బురేటర్ కొత్తది ఎక్కడా దొరకలేదు. రీబిల్ట్ (పాతదాన్ని విప్పి బాగుచేసింది) కోసం చెన్నైలో పాత బండి సామాన్లు అమ్మే పుదుపేట దాకా పోయాను. అక్కడ ఒకాయన కాగితం విప్పి చూపించిన సరుకు వెండి కుంకుమభరిణెలా మెరిసిపోతోంది. కొత్త గాస్కెట్లు, కొత్త నీడిల్ వాల్వు అన్నాడు. అవి నిజంగానే కొత్తవి. నేను చూడాల్సింది వేరే ఉంది. థ్రాటిల్ షాఫ్ట్‌ని, అంటే యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే కడ్డీని, రెండు వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ కదిలించాలి. ఆడిందంటే ఆ సందులోంచి గాలి దూరుతుంది. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఐడ్లింగ్, అంటే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నడక, నిలబడదు. నేను మెరుపు చూసి డబ్బులిచ్చాను. పైన పటారం, లోన లొటారం. పుట్టినప్పటి నుంచీ నామాలు చూస్తున్నవాణ్ణి, నాకు పెట్టిన నామాన్ని మాత్రం పోల్చుకోలేకపోయాను.

బండికి బిగించిన రోజు నుంచి స్క్రూడ్రైవర్ల రాక మొదలైంది. మొదటి మెకానిక్ మిక్చర్ స్క్రూ (బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది) పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వదిలి, ‘గుర్రం మాదిరి పోతాది సామీ’ అన్నాడు. మొదలుపెట్టడానికి అది సరైన లెక్కే. కానీ పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారికి అది రెండు చుట్లు. పాలబ్బాయికి, వాడి బైకు అనుభవం ప్రకారం, ఒకటి. మా బామ్మర్ది ‘నువ్వుండు బావా’ అని కసిగా బిగించేసరికి స్క్రూ మొన మీద గాడి పడింది. నిజానికి ఆ స్క్రూ పెత్తనమంతా ఐడ్లింగ్ వరకే. బండి రోడ్డెక్కి వేగం అందుకున్నాక పెట్రోలు వచ్చేది మెయిన్ జెట్ అనే సన్న రంధ్రం నుంచి. మా వీధిలో మాత్రం మైలేజీకీ, పికప్‌కీ, హారన్ మోగకపోవడానికీ అదే స్క్రూ.

జెట్‌నైనా వదిలారా? దాని మీద 120 అని ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లని అర్థం. మైలేజీ కోసం ఒకాయన దాన్ని టంకం పెట్టి సన్నం చేశాడు. పికప్ కోసం ఇంకొకాయన తీగతో పొడిచి వెడల్పు చేశాడు. మొదటి వారం స్పార్క్ ప్లగ్గు విప్పితే పెట్రోలు చాలక విభూతి, రెండో వారం ఎక్కువై కాటుక. ఉండాల్సిన కాఫీపొడి రంగు ఒక్కసారీ రాలేదు. పైగా ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది పాత రబ్బరును తినేస్తుంది, తడి పీల్చుకుంటుంది, మిక్చర్‌ని పలచన చేస్తుంది. జెట్ ఒకటి రెండు నంబర్లు పెంచుకోవాలి. ఆ మాట చెప్పిన స్క్రూడ్రైవర్ ఒక్కటీ లేదు.

హార్స్‌లీ హిల్స్‌కి పోయినప్పుడు చూడాలి. 1,200 మీటర్లు దాటిన ఎత్తు, గాలి పలచన, కింద సరిపోయిన పెట్రోలు అక్కడ ఎక్కువై నల్లటి పొగ. బామ్మర్ది కొండ మీద ఒక చుట్టు బిగించాడు. మదనపల్లె దిగేసరికి బండికి ఆయాసం. మళ్ళీ విప్పాడు. ఆ రోజంతా ఊళ్ళ పేర్లకు బదులు చుట్ల లెక్కే గుర్తుంది.

చివరికి కరకంబాడి రోడ్డులో ఒక ముసలి మెకానిక్ దొరికాడు. గంటసేపు కార్బురేటర్ వైపే చూడలేదు. టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సరిచేశాడు. ముందువాళ్ళు విజిటింగ్ కార్డు దూర్చి పెట్టిన పాయింట్ల (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించేవి) గ్యాప్‌ని, సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో పెట్టాడు. ఇంజిన్ వేడెక్కాక షాఫ్ట్ చివర రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేశాడు. అప్పటిదాకా వణుకుతున్న ఇంజిన్ ఒక్కసారిగా స్థిమితపడింది. ఆ ఆయిల్ లోపలికి పోగానే మళ్ళీ వణుకు.

‘గాలి ఈడ దూరతా ఉంటే స్క్రూ ఏం జేస్తాది సామీ?’

లేత్ షాపులో షాఫ్ట్‌కి ఇత్తడి బుష్ (గొట్టం లాంటి తొడుగు) వేయించాడు. కొత్త స్క్రూ, కొత్త జెట్ పెట్టాడు. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ తీశాడు. రెండు నిమిషాల పని. ఇప్పుడు లీలామహల్ సర్కిల్‌లో నా వెనకవాళ్ళకు ఎవరి పూర్వీకులూ గుర్తు రావడం లేదు.

కాబట్టి చట్టం ముసాయిదా నేనే రాసి పెట్టాను. లైసెన్సు లేకుండా ఇతరుల బండిలో స్క్రూ తిప్పిన వారికి చుట్టుకో నెల చొప్పున జైలు. బామ్మర్దులకు బెయిలు లేదు.

ఇంతలో వెనక వీధిలో ఎవరిదో పాత అంబాసిడర్ టపటపమంటోంది. అందులో ఎస్.యు. అనే వేరే రకం కార్బురేటర్. దానికి మిక్చర్ స్క్రూ ఉండదు, అడుగున నట్టు ఉంటుంది. కిందికి తిప్పితే పెట్రోలు ఎక్కువ, పైకి తిప్పితే తక్కువ. ముసాయిదా మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. అందులో స్పానర్ ప్రస్తావన ఎక్కడా లేదు. చెప్పులేసుకుని బయల్దేరాను.