ప్రేమకు కట్టే మూల్యం

బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ మాటల మీద మీరు రాసిన వ్యాసంలో 1947 నాటి ప్రతిజ్ఞ గురించి బాగా చెప్పారు. 21వ పుట్టినరోజున కేప్‌టౌన్ నుంచి రేడియోలో, తన జీవితం ఎంతకాలమైనా ప్రజల సేవకే అన్నారావిడ. 2022లో చనిపోవడానికి రెండు రోజుల ముందు కూడా కొత్త ప్రధానిని నియమించారు. డెబ్బై అయిదేళ్లు మాట మీద నిలబడటమంటే మామూలు విషయం కాదు.

కానీ నాకు దగ్గరైన మాట మీ వ్యాసంలో లేదు. 2001లో న్యూయార్క్ దాడుల్లో పోయినవారి కోసం జరిగిన ప్రార్థనలో ఆవిడ సందేశం చదివి వినిపించారు. ప్రేమకు మనం చెల్లించే మూల్యమే దుఃఖం అని అందులో ఉంది. మా అమ్మ పోయినప్పుడు, "ఊరుకో, ఇంకా ఎన్నాళ్లు ఏడుస్తావు" అన్నవాళ్లే అందరూ. ఈ మాట చదివాకే నా ఏడుపు తప్పు కాదనిపించింది. ఎంత తేలికపడ్డానో!

మాది హైదరాబాద్‌లోని అల్వాల్. 1983 నవంబరు 20న, తమ పెళ్లిరోజు నాడు, రాణి దంపతులు ఇక్కడికి దగ్గర్లోని బొల్లారం హోలీ ట్రినిటీ చర్చికి వచ్చారు. అమ్మ రోడ్డు పక్కన జనంలో నిలబడి చూసిందట. అటు వెళ్లినప్పుడల్లా ఆ చర్చి దగ్గర కాసేపు ఆగుతాను.