సూది పరీక్ష సంగతి వదిలేశారు

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు బొంగురుపోతే కెమెరాతో చూస్తే చాలని మీ వ్యాసంలో రాశారు. స్వరతంత్రి కదలట్లేదని కెమెరా చెబుతుంది, నిజమే. నరం దెబ్బతిన్నదా, స్వరతంత్రిని కదిలించే కీలు బిగుసుకుపోయిందా అన్నది చాలాసార్లు తేలదు. అందుకే గొంతు ఈఎంజీ, అంటే గొంతు కండరాల్లోని విద్యుత్ సిగ్నల్స్‌ను సూదితో చూసే పరీక్ష. మా అమ్మకు రెండో నెలలో చేశారు. మెడ ముందు నుంచి సన్నటి సూది కండరంలోకి గుచ్చి, ‘ఈ...’ అంటూ శ్రుతి పెంచమన్నారు. శ్రుతి పెంచే కండరానికి వెళ్లే పై స్వరపేటిక నరం పనితీరు అలా తెలుస్తుందట. (జన్మలో పాట పాడని మనిషి మా అమ్మ!) కండరంలో సిగ్నల్స్ కొద్దిగా వస్తున్నాయి, గొంతు సరిచేసే శాశ్వత ఆపరేషన్‌కు తొందరపడొద్దన్నారు. మా టెన్షన్ సగం తగ్గింది. ఆరు నెలలు దాటాక చేయిస్తే, నరం కోలుకుంటుందో లేదో చెప్పడంలో ఈ పరీక్ష అంతగా ఉపయోగపడదు. ఆ మాటైనా చేర్చండి.