చర్చి గాజులో మేషం, మకరం

చర్చి కిటికీల రంగుగాజు మీద రాశుల బొమ్మల గురించి మీ వ్యాసం చదివాను. మధ్యయుగపు ఇంగ్లండ్ చర్చిలలో ఆ బొమ్మలు క్రైస్తవానికి ముందటి అన్యమతం నుంచి మిగిలిపోయినవని అందులో రాశారు. రచయిత గారూ, ఈ మాట నాకు సరిగ్గా అనిపించలేదు. అప్పటి వాళ్లకు రాశిచక్రం అంటే ముందుగా క్యాలెండర్. అందుకే ఒక్కో రాశి పక్కన ఆ నెలలో చేసే పని ఉంటుంది: చలిమంట దగ్గర కూర్చోవడం, ద్రాక్షతీగలు కత్తిరించడం, పంట కోయడం. ఏడాది మొత్తాన్నీ దేవుడే నడిపిస్తాడని చెప్పడమే వాళ్ల ఉద్దేశం.

కెంట్‌లోని బ్రూక్‌లాండ్ చర్చిలో 12వ శతాబ్దపు సీసపు జ్ఞానస్నానపు తొట్టి ఉంది. పై వరుసలో రాశులు, కింద నెలల పనులు. కెంట్‌లోనే ఉన్న కాంటర్‌బరీ పెద్ద చర్చిలో రాశులు నేల మీద రాతిలో ఉన్నాయి. గాజు విషయానికొస్తే ఇంగ్లండ్‌లో మిగిలింది చాలా తక్కువ. చర్చిలో బొమ్మలను తప్పుబట్టిన మతసంస్కరణ కాలంలోనూ, 1640ల అంతర్యుద్ధంలోనూ ఎన్ని కిటికీలు పగలగొట్టారో తలచుకుంటే బాధేస్తుంది. అందుకే ఫ్రాన్స్‌లోని షార్ట్ర్ చర్చి రాశుల కిటికీ గురించి కూడా రాయాల్సింది.

కిటికీ గాజు బొమ్మల్లో కనిపించే పసుపు రంగు గురించి కూడా ఒక్క మాట. వెండి సమ్మేళనాన్ని తెల్లగాజు వెనకవైపు పూసి కొలిమిలో కాలిస్తే వచ్చేదది. ఈ పద్ధతి 14వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌కు చేరింది. దాంతో ఒకే గాజు బిళ్ల మీద తెలుపు, గోధుమ, బంగారు రంగుల్లో బొమ్మ మొత్తం గీయగలిగారు.

ఇంకో విషయం, మన మకరం మొసలిలా ఉంటే వాళ్లది చేపతోక ఉన్న మేక. ఆ పోలిక మీద విడిగా ఒక వ్యాసం రాయండి, తప్పకుండా చదువుతాను.