చెట్టుగారి ఎనిమిది అడుగులు

నిన్న పొద్దున జరిగింది. నడుం ఇంకా పట్టేసే ఉంది, మంచం మీంచే రాస్తున్నాను.

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అని కాలేజీ ఊరు. మా అమ్మాయి అక్కడ ఎమ్మెస్ చేస్తోంది. తను క్లాసుకి వెళ్ళగానే నేను ఫిన్లీ వీధి ఎక్కాను. రాళ్ళు పరిచిన పాతకాలం రోడ్డు, ఆ పైన ఒక తెల్ల ఓక్ చెట్టు. ఆ చెట్టుకి యజమాని ఆ చెట్టే. జాక్సన్ అనే ఆయన ముద్దుకొద్దీ చెట్టునీ, చుట్టూ ఎనిమిది అడుగుల నేలనీ దాని పేరే రాసేశాడని చెప్పుకుంటారు. చట్టం ముందు ఆ కాగితం నిలవదు. అయినా ఎవడూ కబ్జా చెయ్యలేదు! పైగా 1906 ప్రాంతంలో పీబాడీ అనే ధనవంతుడు మట్టి పోయించి, గ్రానైట్ రాళ్ళు పాతించి, గొలుసు కట్టించాడు.

1942లో అసలు చెట్టు కూలిపోయింది. దాని గింజతో పెంచిన మొక్కని 1946లో అక్కడే నాటారు. అంటే నాలుగేళ్ళలో వారసుడి పేరు మీదకి మ్యుటేషన్ అయిపోయింది. మా నాన్నగారి ఎకరన్నరకి ఇది ఆరో ఏడు.

ఆ కడుపుమంటలోనే, ట్రాములూ పత్తి బళ్ళూ తిరిగిన ఆ రోజుల నాటి పెద్దమనిషిలా ఫోటో దిగుదామని గొలుసు మీద కూర్చున్నాను. గొలుసు ఉయ్యాల కాదని శరీరానికి తెలిసేసరికి కాళ్ళు ఆకాశంలో ఉన్నాయి. వీపు చెట్టుగారి స్థలంలో, మడమలు మున్సిపాలిటీ వారి గొలుసు మీద. లోపలా కాదు, బయటా కాదు. హిరణ్యకశిపుణ్ణి గడప మీద పడుకోబెట్టినట్టు. నరసింహస్వామి ఒక్కడే తక్కువ అనుకుంటుండగా కుక్కతో ఒకావిడ వచ్చింది. "ఆర్ యూ ఓకే, సర్?" అంది. "జస్ట్ సీయింగ్ ది ట్రీ" అన్నాను, అదేదో చెట్లు చూసే పద్ధతే అన్నట్టు. ఆవిడ నమ్మింది. కుక్క నమ్మలేదు, ముఖం నాకి మరీ పరీక్షించింది.

సరిగ్గా అప్పుడే ఫోను. మా బావమరిది, తాసిల్దారు ఆఫీసు వరండాలోంచి.

"బావా, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జిరాక్స్ మళ్ళీ అడుగుతున్నారు."

"మూడు సార్లు ఇచ్చాం కదరా!"

"నాలుగోది అంట. ఇంతకీ ఎక్కడున్నావు? ఆ మూలుగేంటి?"

"ఒకళ్ళ స్థలంలో పడి ఉన్నాను."

"ఎవరిది? కాగితాలు క్లియర్‌గా ఉన్నాయా?"