బీడు వాళ్లది, ఎలుకలు మాత్రం మావా?

పొద్దున పొలం నుంచి వచ్చినప్పటి నుంచి కడుపు మండిపోతోంది. వరి పొట్ట మీద ఉంది, వెన్ను ఇంకా బయటికి రాలేదు. గట్టు మీద నిలబడి చూస్తే నిండుగా, పచ్చగా కనిపిస్తుంది. లోపలికి దిగితే మడి నడుమ మంచం పట్టేంత జాగా ఖాళీ. కొడవలితో కోసినట్టు పిలకలన్నీ నీటికి కాస్త పైన ఏటవాలుగా తెగి ఉన్నాయి. తిన్నది పిడికెడు, పాడు చేసింది మోపెడు.

పక్క భూమి హైదరాబాద్‌లో ఉండే సారుది. ఫోన్ చేస్తే, "మీ పొలంలో ఎలుకలు మీరే చూసుకోవాలి కదండీ, నాకేం సంబంధం?" అన్నాడు. ఆయన భూమి ఏళ్లుగా బీడు. గట్టు మీద సర్కారు తుమ్మ, దాని కింద బొరియలు, బొరియల ముందు కుప్పలు కుప్పలుగా తాజా మట్టి. చుట్టూ కడీలు పాతి ఫెన్సింగ్ వేసి గేటుకు తాళం వేసుకున్నాడు. ఆ తాళం ఎలుకలకు అడ్డం కాదు, మందు పెట్టడానికి పోయే నాకే అడ్డం!

నా గట్ల మీద నేను చేయాల్సిందంతా చేశాను. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసి, తెల్లారి తెరుచుకున్న వాటిలోనే మందు పెట్టాను. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు కలిపి, 15 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి. ఏం లాభం? ఇటు చచ్చినన్ని అటు నుంచి వస్తాయి. ఎలుక మూడు వారాల్లో ఈనుతుంది. ఊరంతా ఒకే రోజు, అదీ పొట్ట రాకముందే పెడితేనే అదుపులోకి వస్తాయి. పొట్ట వచ్చాక లేత వెన్ను వదిలి నూకలు ఎందుకు ముట్టుకుంటాయి? ఇది నాట్లప్పుడే చెప్పాను. "చూద్దాంలే" అన్నోళ్లే ఇప్పుడు షాపుల ముందు క్యూ కడుతున్నారు. షాపువాళ్లేమో జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందు చేతిలో పెట్టి పంపిస్తున్నారు. రెండు రోజులు మందు లేని నూకలు అలవాటు చేసి తర్వాత పెట్టాలని ఒక్కరూ చెప్పరు. కొంచెం తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎర జోలికి వస్తుందా?

ఇంకొకాయన గట్టు చుట్టూ కరెంటు తీగ పెట్టమని సలహా ఇచ్చాడు. దయచేసి ఆ మాట ఎవరూ అనకండి. అడవిపందులకని పెట్టిన తీగలకు ఎంతమంది రైతులు పోయారో మనకు తెలియదా? చీకట్లో మోటరు వేయడానికి పోయేది మనమే కదా!

అసలు నా మంట ఎలుకల మీద కాదు. 2018లో తెలంగాణ సర్కారు పెట్టుబడి సాయం రైతుబంధు మొదలైనప్పటి నుంచి ఇట్లాంటి బీడు భూములకు కూడా ఎకరాకు సీజన్‌కు ముందు 4 వేలు, తర్వాత 5 వేలు పడ్డాయి. పట్టా ఉంటే చాలు, నాగలి పెట్టాల్సిన పని లేదు. నాలాంటి కౌలు రైతుకు రూపాయి రాలేదు. ఎలుకలు తిన్నాయని కౌలులో ఒక్క బస్తా తగ్గిస్తారా? తగ్గించరు. పంట పోతే నాది, పైసలొస్తే వాళ్లవి.

బీడు పెట్టుకున్న సార్లందరికీ చెప్తున్నా. మీ భూమి మీ ఇష్టం, కానీ గట్ల మీద కంప కొట్టించండి. అది కూడా చేతకాకపోతే తాళం చెవి మా ఊళ్లో ఎవరికైనా ఇవ్వండి. మందు మా డబ్బుతో మేమే పెట్టుకుంటాం.